నియతిని నమ్మిన సన్యాసులు

పొలాసపురంలో సద్దాలపుత్తుడనే కుమ్మరి ఉండేవాడు. చిన్నాచితకా కుమ్మరి కాదు. ఊరి బయట అతనికి ఐదువందల కుండల అంగళ్లు ఉండేవని జైనుల గ్రంథం ‘ఉవాసగదసావో’ చెబుతుంది. ఒకరోజు పచ్చికుండలను లోపలినుంచి తెచ్చి ఎండలో ఆరబెడుతుంటే మహావీరుడు వచ్చి, ఈ కుండ ఎలా తయారవుతుందని అడిగాడు. కుమ్మరి తన పని చెప్పుకొచ్చాడు. మన్ను తెస్తాం, నీళ్లతో తడుపుతాం, బూడిద, పేడ కలిపి పిసుకుతాం, సారె మీదికి ఎక్కిస్తాం అన్నాడు. ఇదంతా మనిషి ప్రయత్నం వల్ల అయిందా, ప్రయత్నం లేకుండానే అయిందా అని మహావీరుడు మళ్లీ అడిగాడు.

ప్రయత్నం లేకుండానే అన్నాడు కుమ్మరి. మన్ను పిసికే పనిలో బతుకంతా గడిపిన మనిషి ఇచ్చిన జవాబది. అతను ఆజీవకుల మతస్థుడు. జరిగేదంతా నియతి, అంటే ముందే ఖాయమైన విధి ప్రకారమే జరుగుతుందని ఆ మతం నేర్పింది. మహావీరుడు సిద్ధాంతం జోలికి పోలేదు. ఎవడైనా వచ్చి నీ కుండలు ఎత్తుకుపోతే, పగలగొడితే, నీ భార్య అగ్గిమిత్త మీద చెయ్యి వేస్తే ఏం చేస్తావన్నాడు. తిడతాను, కట్టేసి కొడతాను, ప్రాణమైనా తీస్తానన్నాడు సద్దాలపుత్తుడు. అన్నీ ముందే ఖాయమైనప్పుడు వాడి తప్పేముంది, వాణ్ణి కొట్టే హక్కు నీకెక్కడిది అని మహావీరుడు అడగ్గానే కుమ్మరి దారికొచ్చి, భార్యతో సహా జైనుడయ్యాడు.

ఈ సంగతి తెలిసి ఆజీవకుల గురువు మక్ఖలి గోశాలుడే బయలుదేరి వచ్చాడట. కుమ్మరి లేచి మర్యాద చెయ్యలేదు. గోశాలుడు మహావీరుణ్ణి ఎంతగానో పొగిడాకే, నా గురువును పొగిడావు గనుక నా అంగట్లో బస చెయ్యి, అంతేగానీ ధర్మమని కాదు అన్నాడు. ఎంత నచ్చజెప్పినా శిష్యుడు వెనక్కి రాలేదు. ఎవరు ఏ మతంలో ఉండాలో కూడా నియతే తేల్చేదైతే ఆయన అంతదూరం వచ్చి బతిమాలడం ఎందుకు? కథ రాసిన జైనులు ఆ మాట పైకి అనలేదు గానీ, వాళ్ల అసలు దెబ్బ అక్కడే ఉంది.

ఒక్క జాగ్రత్త అవసరం. ఆజీవకుల సొంత గ్రంథం ఒక్కటీ మిగల్లేదు. వాళ్ల గురించి మనకు తెలిసింది ఎక్కువగా జైనులు, బౌద్ధులు, అంటే వాళ్లతో వాదులాడినవాళ్లు రాసిపెట్టిందే. ఆ ముక్కలన్నీ ఏరి ఎ.ఎల్. బాషమ్ 1951లో ఒక పుస్తకంగా కూర్చాడు. ప్రత్యర్థి నోట విన్న మాటను సగానికి తగ్గించి నమ్మడం న్యాయం. అలా తగ్గించి చూసినా గోశాలుడు సామాన్యుడిగా కనిపించడు.

క్రీ.పూ. 5వ శతాబ్దం ప్రాంతంలో, బుద్ధుడూ మహావీరుడూ తిరిగిన గంగాతీరంలోనే అతనూ తిరిగాడు. శ్రావస్తి దగ్గర ఒక గోశాలలో పుట్టాడు గనుక ఆ పేరు వచ్చిందంటారు. ఆరేళ్లు మహావీరుడి వెంట ఉన్నాడు. ఆ రోజుల్లో జరిగిన నువ్వుమొక్క ఉదంతం జైనుల ‘భగవతీ సూత్రం’లో ఉంది. దారిలో కనిపించిన మొక్కను చూపి, ఇది కాస్తుందా అని గోశాలుడు అడిగాడు. కాస్తుంది, ఈ ఏడు పూలలోని ప్రాణులు ఒకే కాయలో ఏడు గింజలై పుడతాయన్నాడు మహావీరుడు. గోశాలుడు వెనకబడి, ఆ మొక్కను వేళ్లతో సహా పీకి పారేశాడు. జోస్యాన్ని అబద్ధం చెయ్యాలని ఒక మనిషి పూనుకుని చేసిన పని అది. అంతలో వాన పడింది, మొక్క మళ్లీ వేళ్లూనుకుంది. తిరుగుదారిలో కాయ తెరిచి చూస్తే లోపల ఏడు గింజలున్నాయి. తన చేత్తో చేసిన పని కూడా జరగవలసినదాన్ని ఆపలేకపోయిందని గోశాలుడికి నమ్మకం కుదిరింది. నియతివాదం అక్కడ పుట్టిందని జైనుల కథనం.

ఆ వాదం సారాన్ని మగధ రాజు అజాతశత్రువు బుద్ధుడికి చెప్పినట్టు బౌద్ధుల ‘సామఞ్ఞఫల సుత్తం’లో ఉంది. మనిషి చెడడానికి గానీ బాగుపడడానికి గానీ కారణమంటూ ఏదీ లేదు. బలం, పూనిక, పౌరుషం అన్నీ వట్టివి. విసిరిన దారపుండ దారం అయిపోయేదాకా విప్పుకుంటూ పోయినట్టు, పండితుడైనా పామరుడైనా ఎనభైనాలుగు లక్షల మహాకల్పాలు తిరిగి తిరిగి చివరకు దుఃఖం నుంచి బయటపడతాడు. ముందుగా చేరేదీ లేదు, చేరకుండా మిగిలిపోయేదీ లేదు. బుద్ధుడికి ఈ మాట ఎంత హానికరంగా తోచిందంటే, అన్ని వాదాల్లోకీ ఇదే అధమమని తేల్చేశాడు. అయినా ఇందులో ఓదార్పు లేకపోలేదు. పాపం చేశానన్న భయం ఉండదు, పుణ్యం చాలలేదన్న బెంగ ఉండదు. రాజుకీ కుమ్మరికీ ఒకే గమ్యం. శ్రావస్తిలో గోశాలుడికి ఆశ్రయమిచ్చిన హాలాహల అనే ఆవిడ కూడా కుమ్మరే. అతను ప్రాణం విడిచింది ఆమె కుండల అంగట్లోనే.

ప్రయత్నం వట్టిదన్న ఈ సన్యాసులు చేతులు కట్టుకుని కూర్చోలేదు. అందరికంటే కఠోరంగా తపస్సు చేశారు. దిగంబరులుగా తిరిగారు. భిక్షకు కొందరు ప్రతి రెండో ఇంటికి, కొందరు ప్రతి ఏడో ఇంటికి మాత్రమే వెళ్లేవారు. మెరుపు మెరిస్తే ఆ పూట భిక్ష మానేసేవాళ్లూ ఉన్నారు, పెద్ద మట్టికాగుల్లో దూరి తపస్సు చేసేవాళ్లూ ఉన్నారు. చివరి వ్రతం ఆరునెలలు. రెండు నెలలు వట్టినేల మీద, రెండు నెలలు చెక్క మీద, రెండు నెలలు దర్భల మీద పడుకుని ప్రాణం వదలాలి. ఇంత చేసేది ఎందుకని అడిగితే వాళ్ల దగ్గర జవాబుంది: ఈ తపస్సు కూడా మాకు ఖాయమైనదే. తర్కానికి అది లొంగదు. ఈ రెండు దృశ్యాలను పక్కపక్కన పెట్టి చూడాలి. నియతిని నమ్మిన కుమ్మరి దొంగను కొడతానన్నాడు, నియతిని నమ్మిన సన్యాసి ఒళ్లు దాచుకోలేదు. రాసిపెట్టి ఉన్నదే జరుగుతుందని అనే మన ఇళ్లల్లో పిల్లల్ని పరీక్షలకు చదవమని పోరకుండా ఉండేది ఎవరు?

గయకు ఉత్తరాన బరాబర్ కొండలు ఆజీవకుల మిగిలిన చిరునామా. అశోకుడు పట్టాభిషేకమైన 12వ ఏట రెండు గుహలను వాళ్లకు దానం చేశాడు. అందులో ఒకటైన ‘సుదామ’ను శాసనం మర్రిచెట్టు గుహ అంటుంది. గట్టి గ్రానైటును తొలిచి, లోపలి గోడలను అద్దంలా నునుపు చేశారు. అశోకుడి మనుమడు దశరథుడు పట్టాభిషేకం కాగానే పక్కనున్న నాగార్జుని కొండ మీద మరో మూడు ఇచ్చాడు. సూర్యచంద్రులున్నంతకాలం వాళ్లవేనని రాయించాడు కూడా. కొన్ని శాసనాల్లో మిగతా అక్షరాలను వదిలేసి ‘ఆజీవకులకు’ అన్న మాటనే ఎవరో ఉలితో చెక్కి చెరిపేశారు. తర్వాత మౌఖరి రాజు అనంతవర్మ ఇవే కొండల్లోని గుహల్లో కృష్ణుణ్ణి, శివపార్వతులను, కాత్యాయనిని నిలిపాడు. ఉలి పట్టినవాళ్లు ఎవరైనా, తమకు నచ్చని పేరును తుడిచెయ్యడానికి వాళ్లు పడిన శ్రమను చూస్తే కోపం కంటే దిగులే ఎక్కువ కలుగుతుంది.

ఉత్తరాన పేరు చెరిగిపోయినా దక్షిణాన చాలాకాలం నిలిచింది. తమిళ కావ్యం ‘మణిమేఖలై’లో ఆజీవకుడు తన మతం చెప్పుకుంటాడు. మరో తమిళ కావ్యం ‘నీలకేశి’లో జైన నాయిక ఆజీవక గురువుతో వాదానికి దిగుతుంది. 13వ శతాబ్దంలో అరుణంది శివాచార్యుడు ‘శివజ్ఞాన సిద్ధియార్’ రాస్తూ ఖండించవలసిన పరమతాల్లో ఆజీవకాన్ని కూడా చేర్చాడు. తమిళ ప్రాంతపు శాసనాల్లో వాళ్ల పేరు పన్నుల పట్టీలోనూ కనిపిస్తుంది. మిగతా పన్నులతో పాటు ఆజీవకుల మీద వేసిన పన్ను కూడా గ్రామాల నుంచి వసూలయ్యేది.