అనంతాళ్వాన్ పుష్పకైంకర్యము

శ్రీరంగమున కాలక్షేపగోష్ఠిలో భగవద్రామానుజులు వేంకటాద్రిపై పుష్పకైంకర్యమునకు ఎవరు వెళ్ళెదరని అడిగారు. చలికొండ, మృగములు తిరుగు అడవి. అనంతాళ్వాన్ ఒక్కడే లేచాడు.

తిరుమల చేరి తోట వేశాడు. నీటికై చెఱువు త్రవ్వసాగాడు. గర్భిణియైన ధర్మపత్ని మట్టి మోసింది. సాయపడవచ్చిన బాలుని వారించాడు. వాడు వినక ఆమె తట్ట అందుకొనగా గునపము విసిరాడు. గాయమైనది బాలుని గడ్డానికి. రక్తము కనబడినది ఆనందనిలయమున స్వామి చుబుకముపై అని ఐతిహ్యము. పచ్చకర్పూరము అద్దారు. ఆ అలంకారము నేటికీ సాగుచున్నది. గునపము మహాద్వారమున వ్రేలాడుచున్నది.

సేవను ఒకరితో పంచుకొననని పట్టుబట్టుటయు అహంకారమే గదా! పూర్వులు ఆ దోషమును దాచలేదు. 2000లో ఆరంభమైన శ్రీవారి సేవకు వచ్చువారు ఆ గునపము క్రిందుగానే లోనికి వెళ్ళుదురు. బ్రహ్మోత్సవానంతరము భాగ్‌సవారినాడు స్వామియే అప్రదక్షిణముగా ఆ తోటకు వేంచేయును.