విశాఖ నుండి హైదరాబాదునకు

విశాఖపట్టణమునుండి హైదరాబాదునకు రైలుదారి సుమారు 700 కిలోమీటరులు. అది తిన్నగా పోదు. రాజమహేంద్రవరమున గోదావరిని దాటి, బెజవాడ వఱకు దక్షిణమునకు దిగి, ఓరుగల్లు మీదుగా మరల పైకెక్కును. 1974లో వెలసిన గోదావరి ఎక్స్‌ప్రెస్సునకును ఇది ఒక రాత్రి ప్రయాణము. విమానమునకు ఏటితోను వంతెనతోను పనిలేదు. సుమారు 510 కిలోమీటరులను గంటకు కొంచెము మించిన కాలమున దాటును. 2008 వఱకు విమానములు నగరమునడుమ బేగంపేటలోనే దిగుచుండెను. శంషాబాదునకు మారినపిమ్మట ఆకాశమున కాలము పెరుగలేదు గాని, నేలమీద పెరిగెను! 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ విమానాశ్రయపు పైకప్పును చీల్చివైచెను. 17వ తేది వఱకు ప్రయాణికుల విమానములు లేచినవి కావు. ఆ దినములలో గంటప్రయాణమను లెక్క ఎవరికిని అక్కఱకు రాలేదు.