వెన్నుపూసలో విమానపు అద్దం

పారిస్‌కి ఉత్తరాన ఉన్న ఊరు అమియెన్. 1984లో అక్కడి ఆసుపత్రికి 54 ఏళ్ల మహిళ ఒకామె భరించలేని మెడనొప్పితో వచ్చింది. మెడలో రెండో పూసను రక్తనాళాల గడ్డ లోపల్నుంచి డొల్ల చేసేసింది. అది క్యాన్సర్ కాదు గానీ నొప్పి మాత్రం అంతపనీ చేసింది. న్యూరోసర్జన్ పియెర్ గాలిబెర్, రేడియాలజిస్ట్ ఎర్వే డెరామోన్ కలిసి ఆ పూసలోకి సూది దించి, అందులోంచి సిమెంటు ఎక్కించారు. నొప్పి పోయింది. మూడేళ్లకు, 1987లో, ఆ సంగతి వైద్య పత్రికకెక్కింది. ఆ పద్ధతికి స్థిరపడ్డ పేరు వెర్టిబ్రోప్లాస్టీ.

సిమెంటంటే ఇళ్లు కట్టేది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫైటర్ విమానాల కాక్‌పిట్ అద్దాలకు వాడిన యాక్రిలిక్ జాతి పదార్థమే. పైలట్ల కళ్లలో దాని ముక్కలు గుచ్చుకున్నా కన్ను పెద్దగా ఎదురుతిరగలేదని గమనించిన లండన్ డాక్టర్ హెరాల్డ్ రిడ్లీ, 1949లో దాంతోనే కంటిలో పెట్టే లెన్సు చేయించాడు. తర్వాత జాన్ చార్న్‌లీ తుంటి కీళ్లు అతికించడానికి వాడాడు. వెన్నుదాకా వచ్చేసరికి ఆ పదార్థానికి ఆసుపత్రి అనుభవం బాగానే ఉంది.

క్యాన్సర్ రోగికి ఈ సిమెంటు పద్ధతి ఎందుకు పనికొచ్చింది? రొమ్ము, ప్రోస్టేట్, ఊపిరితిత్తుల క్యాన్సర్లు తరచూ వెన్నులోకి పాకుతాయి. మల్టిపుల్ మైలోమా అనే క్యాన్సర్ పుట్టేదే ఎముక మూలుగలో. గుల్లబారిన పూస ఒంటి బరువుకే నలిగిపోతుంది. పక్కమీద ఒత్తిగిల్లినా ప్రాణం పోయినట్టుంటుంది. ప్లేట్లు, స్క్రూలతో పెద్ద ఆపరేషన్ చేస్తే కోలుకోవడానికి వారాలు పడుతుంది, అందాకా కీమో ఆగాలి. సూది పద్ధతిలో రోగిని బోర్లా పడుకోబెట్టి, ఎక్స్-రే తెర చూస్తూ పని కానిస్తారు. చాలామంది అదే రోజో మర్నాడో ఇంటికెళ్తారు.

నేర్పంతా సిమెంటు పాకంలోనే. పొడినీ ద్రవాన్నీ కలిపాక అది టూత్‌పేస్టులా చిక్కబడాలి. పల్చగా ఉంటే పూస పగుళ్లలోంచి నరాల వైపో, రక్తనాళాల్లోకో కారుతుంది. ఆలస్యం చేస్తే సూదిలోనే బిగుసుకుంటుంది. ఈ కారుడు బెడదను తగ్గించే బెలూన్ ఉపాయాన్ని కాలిఫోర్నియా ఎముకల వైద్యుడు మార్క్ రైలీ తెచ్చాడు: ముందు పూసలో చిన్న బెలూన్ ఉబ్బించి చోటు చేసి, దాన్ని తీసేశాక సిమెంటు నింపడం. అది కైఫోప్లాస్టీ. రేడియో తరంగాల వేడితో గడ్డను మాడ్చి, ఆపైన సిమెంటు నింపే పద్ధతీ ఇప్పుడుంది.

2009లో మాత్రం ఎదురుదెబ్బ తగిలింది. వయసుతో గుల్లబారి విరిగిన పూసలకు ఈ సిమెంటు ఉత్తుత్తి చికిత్సకన్నా మెరుగేమీ కాదని రెండు అధ్యయనాలు తేల్చాయి. క్యాన్సర్ రోగుల కథ వేరు. 2011లో వెలువడిన అధ్యయనంలో 134 మంది పాల్గొన్నారు. 24 మార్కుల ఇబ్బంది కొలతలో బెలూన్ చికిత్స పొందినవారు నెలలో 17.6 నుంచి 9.1కి దిగారు, మిగతావారు 18.2 నుంచి 18.0 దగ్గరే ఆగారు. అయితే ఇందులో ఉత్తుత్తి చికిత్సతో పోల్చలేదు కాబట్టి, లెక్కను కాస్త తగ్గించి చదవాలి.

పైగా ఇది నొప్పికి మందే, క్యాన్సర్‌కి కాదు. క్యాన్సర్ ఉన్నవారికి నడుంనొప్పితో పాటు కాళ్లు పట్టుతప్పినా, మూత్రం ఆగినా అది వెన్నుపాము నలుగుతున్న గుర్తు కావచ్చు. తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.