పాంగాంగ్ ఒడ్డున ఊరి నుంచి ఊరికి: ఒక రోజు నడకకు ఎలా సిద్ధం కావాలి?

లద్దాఖ్‌లోని పాంగాంగ్ సరస్సు దగ్గరకు వెళ్లే పర్యటకుల్లో చాలామంది కారు దిగి ఫొటోలు తీసుకుని, ఒక రాత్రి గుడారంలో గడిపి వెనక్కి వస్తారు. 2009లో వచ్చిన ‘త్రీ ఇడియట్స్’ సినిమా చివరి సన్నివేశాన్ని ఇక్కడ తీశాక ఆ రద్దీ బాగా పెరిగింది. అయితే సరస్సు దక్షిణపు ఒడ్డున వరుసగా ఉన్న స్పాంగ్మిక్, మాన్, మెరాక్ గ్రామాల మీదుగా కాలినడకన వెళితే ఈ ప్రాంతం మరోలా కనిపిస్తుంది. ఇక్కడి నేల దాదాపు చదునుగా ఉంటుంది కాబట్టి ఈ నడక తేలికని అనిపిస్తుంది. అసలు కష్టం ఎత్తుతోనే.

దారి, దూరం

పాంగాంగ్ పొడవు సుమారు 134 కిలోమీటర్లు. సముద్ర మట్టానికి 4,200 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్న ఈ సరస్సులో ఎక్కువ భాగం చైనా ఆధీనంలో ఉంది. స్పాంగ్మిక్ నుంచి మాన్‌కు దాదాపు 11 కి.మీ., అక్కడి నుంచి మెరాక్‌కు మరో 9 కి.మీ. ఉంటుంది. ఒడ్డు వెంటే వాహనాల రోడ్డు ఉంది కాబట్టి దారి తప్పే భయం తక్కువ. ఎడమ చేతి వైపు నీరు, కుడి వైపు పాంగాంగ్ పర్వత శ్రేణి కనిపిస్తూనే ఉంటాయి.

మైదానంలో 20 కి.మీ. నడకకు ఐదు గంటలు చాలు. ఇక్కడ గాలి పీడనం సముద్ర మట్టంతో పోలిస్తే 60 శాతం మాత్రమే. ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. అందుకే గంటకు 3 కి.మీ. చొప్పున లెక్క వేసుకుని, విశ్రాంతికి మరో రెండు గంటలు కలపాలి. ఉదయం 7 గంటలకు బయలుదేరితే సాయంత్రం 4 గంటలకు మెరాక్ చేరవచ్చు. సెప్టెంబరులో సూర్యాస్తమయం ఆరున్నర ప్రాంతంలో కాబట్టి చేతిలో రెండు గంటలకు పైగా మిగులుతుంది.

ముందు గడపాల్సిన రాత్రులు

హైదరాబాద్, విశాఖపట్నం లాంటి చోట్ల నుంచి విమానంలో వెళ్లేవారు ఒక్క రోజులోనే 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో దిగుతారు. అక్కడ కనీసం 48 గంటలు శ్రమ లేకుండా గడపాలి. 3,000 మీటర్లు దాటాక నిద్రపోయే చోటు ఎత్తును ఒక రాత్రికి 500 మీటర్లకు మించి పెంచకూడదన్నది వైద్యులు పాటించే సాధారణ సూత్రం. లేహ్ నుంచి నేరుగా పాంగాంగ్ వెళితే ఆ తేడా 700 మీటర్లు దాటుతుంది. దారిలో సుమారు 3,950 మీటర్ల ఎత్తున ఉన్న టాంగ్‌ట్సేలో ఒక రాత్రి ఆగితే రెండు అంచెలూ ఆ పరిమితిలోనే ఉంటాయి. తర్వాత స్పాంగ్మిక్‌లో ఒక రాత్రి నిద్రపోయి, లేచాక తలనొప్పి లేకపోతేనే నడక మొదలుపెట్టాలి.

ఈ జాగ్రత్తకు మరో కారణం ఉంది. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు మొదటి చికిత్స కిందికి దిగడం. కానీ పాంగాంగ్ నుంచి లేహ్ ఆసుపత్రికి మామూలుగా వెళ్లే దారి దాదాపు 5,360 మీటర్ల ఎత్తున్న చాంగ్ లా కనుమ మీదుగా సాగుతుంది. అంటే దిగడానికి ముందు రోగి ఇంకో వెయ్యి మీటర్లకు పైగా ఎక్కాలి. దగ్గరలోని టాంగ్‌ట్సే ఆరోగ్య కేంద్రానికి వెళ్లినా తగ్గే ఎత్తు సుమారు 300 మీటర్లే.

తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం తొలి లక్షణాలు. విశ్రాంతిగా కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అనుమానించాలి. మాట తడబడినా, తిన్నగా నడవలేకపోయినా మెదడు వాపు కావచ్చు. ఈ రెండూ ప్రాణాపాయ స్థితులు. వెంటనే ఆక్సిజన్ పెట్టి కిందికి తరలించాలి. ముందు జాగ్రత్తగా వాడే ఎసిటజోలమైడ్ మాత్రలు డాక్టర్ సలహాతోనే తీసుకోవాలి. సల్ఫా మందులు పడనివారు ఆ విషయం ముందే చెప్పాలి.

నీరు, ఎండ, గాలి

కళ్లెదుట అంత నీరున్నా తాగడానికి పనికిరాదు. బయటకు పారే దారి లేని సరస్సు కావడంతో నీరు ఉప్పగా ఉంటుంది. బస చేసిన ఇంట్లోనే మూడు లీటర్ల కాచిన నీరు నింపుకోవాలి. మాన్‌లో మళ్లీ నింపుకోవచ్చు. ఎత్తు పెరిగే కొద్దీ అతినీలలోహిత కిరణాల తీవ్రత ప్రతి వెయ్యి మీటర్లకు దాదాపు 10 శాతం పెరుగుతుంది. నల్ల కళ్లద్దాలు, టోపీ, పొడవు చేతుల చొక్కా తప్పనిసరి. మధ్యాహ్నం నుంచి చల్లగాలి జోరందుకుంటుంది. మంచు కరిగి రోడ్డుకు అడ్డంగా పారే వాగులూ అప్పుడే ఉబ్బుతాయి. దూరం ఎక్కువున్న మొదటి భాగాన్ని ఉదయమే ముగించమనేది అందుకే.

అనుమతులు, సరిహద్దు

భారత పౌరులకు ఇన్నర్ లైన్ పర్మిట్ అక్కర్లేదని 2021 ఆగస్టులో ప్రకటించారు. పర్యావరణ రుసుము, గుర్తింపు కార్డు మాత్రం కావాలి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి లేహ్‌లో మరోసారి అడిగి తెలుసుకోవాలి. 2020లో భారత్, చైనా సైన్యాలు ఎదురెదురుగా నిలిచి, 2021 ఫిబ్రవరిలో వెనక్కి తగ్గింది ఈ సరస్సు ఒడ్డునుంచే. సైనిక శిబిరాల ఫొటోలు తీయకూడదు, అనుమతి లేకుండా డ్రోన్ ఎగరవేయకూడదు. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ ఉన్నా సిగ్నల్ అన్నిచోట్లా దొరకదు. ఇది చాంగ్‌థాంగ్ అభయారణ్య ప్రాంతం. ఒడ్డున చిత్తడి నేలల్లో పక్షులు గూళ్లు పెడతాయి కాబట్టి వాటికి దూరంగా నడవాలి, చెత్తను వెంట తెచ్చుకోవాలి.

ఆగాల్సిన చోటు

ఈ నడకకు సగం దారిలో ఒక ఊరు ఉండటం పెద్ద సౌకర్యం. మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా మాన్ చేరలేకపోయినా, బృందంలో ఒక్కరికి తలనొప్పి మొదలైనా అక్కడితో ఆపేయాలి. బయలుదేరే ముందే స్పాంగ్మిక్‌లో బస ఇచ్చినవారికి ప్రయాణ వివరాలు చెప్పి, మెరాక్‌లో గది, అవసరమైతే మాన్‌కు రాగలిగే వాహనం, అందులో ఆక్సిజన్ సిలిండర్ మాట్లాడి పెట్టుకోవాలి. ఆ వాహనం డ్రైవర్‌కు ఏ సమయానికి ఎక్కడ ఉంటారో చెప్పి ఉంచితే, ఫోన్ అందకపోయినా వెతుక్కుంటూ రాగలుగుతారు.