ఫ్రీక్వెన్సీ చెప్పిన రేటు

ఇంజనీరింగ్‌లో ఎకనమిక్ డిస్పాచ్ అని ఓ చాప్టర్ ఉండేది, గుర్తుందా? నడుస్తున్న జనరేటర్లన్నిటికీ ఇంక్రిమెంటల్ కాస్ట్ సమానమయ్యేలా లోడు పంచాలి. ఆ కామన్ విలువే లాంబ్డా. పరీక్ష రాసేసి మర్చిపోయా. మన గ్రిడ్డు చరిత్ర చదివాకే మళ్ళీ గుర్తొచ్చింది.

పాత టారిఫ్‌లో కేంద్ర ప్లాంటు ఎంత ఎక్కువ నడిస్తే అంత ఇన్సెంటివ్. దాంతో అర్ధరాత్రి వాడేవాళ్ళు లేకపోయినా ఉత్పత్తి తగ్గించేవాళ్ళు కాదు. ఫ్రీక్వెన్సీ కొన్నిచోట్ల 51 దాటేది, డిమాండు పెరిగితే 48 చిల్లరకి పడేది. 2002లో పశ్చిమ, ఉత్తర గ్రిడ్లకీ, 2003 జనవరిలో మన దక్షిణాదికీ అవైలబిలిటీ బేస్డ్ టారిఫ్ వచ్చింది. ప్రతి పావుగంటకీ షెడ్యూలు తప్పినంత కరెంటుకి ఫ్రీక్వెన్సీని బట్టి రేటు. మొదట్లో 50.5 దగ్గర సున్నా, సుమారు 49కి పడితే యూనిట్‌కి 4.20 రూపాయలు.

అంటే గోడకున్న ప్లగ్గులో మీటరు పెడితే లాంబ్డా కనబడుతుందన్నమాట! మీ ప్లాంటు బొగ్గు ఖర్చు ఆ రేటుకన్నా ఎక్కువా? తగ్గించి గ్రిడ్ నుంచి తీసుకోండి. తక్కువా? పెంచండి. సర్వర్ లేదు, మెసేజ్ లేదు. ఇంత అందమైన డిస్ట్రిబ్యూటెడ్ అల్గారిథమ్ నేనింకోటి చూళ్ళేదు :)

కానీ బగ్ ఉంది. ఫ్రీక్వెన్సీ మొత్తం లెక్క చెప్తుంది గానీ ఏ లైను మీద ఎంత బరువుందో చెప్పదు. 2012 జులై 30న ఉత్తర గ్రిడ్ కూలేముందు అది 49.7 దగ్గరుంది, భయపడాల్సిన అంకేం కాదు. ఉత్తరాది రాష్ట్రాలు షెడ్యూలుకి మించి లాగుతుంటే బీనా-గ్వాలియర్ లైను ట్రిప్పయింది. మర్నాడు మూడు గ్రిడ్లు పోయాయి. (దక్షిణాది అప్పటికింకా సింక్రనస్‌గా కలవలేదు, బతికిపోయాం.)

2014లో ఆ పద్ధతి తీసేసి, షెడ్యూలు ఎంత తప్పొచ్చో కూడా పరిమితి పెట్టారు. లైన్ల పరిమితులతో సహా ఏ ప్లాంటు ఎంత నడిస్తే చవకో ఒకేచోట లెక్కేసే ప్రోగ్రాం 2019 ఏప్రిల్లో పైలట్‌గా మొదలైంది.