నియంత పతనము – సాక్ష్యము, చరిత్ర, దృశ్యరూపకము

1945 ఏప్రిల్ 30వ తేది అపరాహ్ణమున బెర్లిను నగరమందలి రైకు ఛాన్సలరీ ఉద్యానము క్రింద నిర్మింపబడిన భూగర్భగృహములో అడాల్ఫ్ హిట్లరు ఆత్మహత్య చేసికొనెను. ఆ గదిలో అతడును, ముందటి దినమున అతనిని వివాహమాడిన ఎవా బ్రౌనును తప్ప వేరొకరు లేరు. తలుపునకు వెలుపల నిలిచినవారు కొలదిమంది. వారిలో కొందరు మరునాడే మరణించిరి. కొందరు సోవియట్ సైన్యమునకు బందీలైరి. కోట్లకొలది జనుల మరణమునకు కారకుడైన వాని మరణమునకు సాక్షులు వ్రేళ్ళపై లెక్కింపదగినవారు. ఈ విషయమున చరిత్రకారునకు మొదటినుండియు గల చిక్కు ఇదియే.

ఈ వృత్తాంతము 2004లో 'డేర్ ఉంటర్‌గాంగ్' అను జర్మను చలనచిత్రముగా వెలువడినది. ఆ పదమునకు మునుగుట, అస్తమించుట, నశించుట అను అర్థములు కలవు. నౌక మునుగుటకును, సూర్యుడు గ్రుంకుటకును ఆ భాషీయులు ఈ మాటనే వాడుదురు. దర్శకుడు ఒలివర్ హిర్ష్‌బీగెల్. రచయితయు నిర్మాతయు బెర్న్‌డ్ ఐషింగర్. హిట్లరు పాత్రధారి స్విట్జర్లండు దేశీయుడైన బ్రూనో గాంజ్. జర్మనీలోనే సుమారు 45 లక్షలమంది దీనిని చూచిరి. కావున ఒక తరము ప్రజలకు హిట్లరు పతనము ఈ చిత్రమున కనబడినట్లే జరిగినది. చరిత్రగ్రంథము చదివినవారికంటె రూపకము చూచినవారు ఎల్లప్పుడు అధికులే. అట్లగుటచే రెండు ప్రశ్నలు విచారణీయములు. ఈ దృశ్యరూపకమునకు ఆధారమైన సాక్ష్యము ఎట్టిది? ఆ సాక్ష్యము ఈయజాలని దానిని రూపకకర్త ఎట్లు పూరించెను?

1. ఘటనాక్రమము

వివాదము లేని అంశములను ముందుగా చెప్పికొందము. హిట్లరు 1945 జనవరి 16న బెర్లినునకు తిరిగివచ్చెను. మార్చి 19న, శత్రువునకు చిక్కనున్న ప్రాంతములలోని కర్మాగారములను, వంతెనలను, రవాణాసాధనములను ధ్వంసము చేయుడని ఆజ్ఞ యిచ్చెను. తన ప్రజల భావిజీవనాధారమునే కూల్చు ఈ ఆజ్ఞను ఆయుధోత్పత్తి మంత్రి ఆల్బర్ట్ స్పేరు చాలవరకు అమలు కానీయలేదు. ఏప్రిల్ 16న సోవియట్ సైన్యము ఓడర్ నదీతీరమునుండి తుదిదాడి నారంభించెను. ఏప్రిల్ 20న హిట్లరునకు 56 ఏండ్లు నిండినవి. ఆనాడు అభినందింపవచ్చిన నాయకులలో గోరింగు, హిమ్లరు మొదలైనవారు వెంటనే నగరము వీడిరి. సేనాని స్టైనరు జరుపవలసిన ఎదురుదాడి జరుగనే లేదని ఏప్రిల్ 22న తెలియగా, హిట్లరు సేనానులపై మండిపడి, యుద్ధము ముగిసినదని తన నోటనే పలికెను. ఏప్రిల్ 28న హిమ్లరు రహస్యముగా పాశ్చాత్యులతో సంధిప్రయత్నము చేయుచున్నాడను వార్త వచ్చెను. ఆ అర్ధరాత్రి దాటిన పిదప వివాహము; ఆ రాత్రియే మరణశాసన రచన. ఏప్రిల్ 30న ఆత్మహత్య. మే 1న గోబెల్సు దంపతులు తమ ఆరుగురు బిడ్డలను చంపించి తామును చనిపోయిరి. మే 2న నగరరక్షణాధిపతి వైడ్లింగు బెర్లినును అప్పగించెను.

2. సాక్ష్యసేకరణము

ఈ క్రమము నేడు స్పష్టముగా నున్నదిగాని 1945లో అట్లు లేదు. హిట్లరు తప్పించుకొనియుండునని స్టాలిను మే నెలలో అమెరికా ప్రతినిధి హ్యారీ హాప్‌కిన్సుతో అనెను. నిజమునకు సోవియట్ గూఢచారి విభాగము మే నెలలోనే ఉద్యానమున దగ్ధావశేషములను కనుగొని, దంతవైద్యుని సహాయకురాలు కేటె హాయ్‌జర్‌మన్ చేత దంతములను గుర్తింపజేసెను. సత్యము చేతనుండగా సందేహమును ప్రచారము చేయుట రాజకీయప్రయోజనమైనది. ఆ దంతములను గుర్తించిన స్త్రీకి ఫలముగా లభించినది సోవియట్ కారాగారము. అప్పుడు దుబాసీగా పనిచేసిన యెలేనా ర్జెవ్‌స్కయా ఈ వృత్తాంతమును 1965లోగాని గ్రంథస్థము చేయలేకపోయెను.

వదంతుల నరికట్టుటకై బ్రిటిషువారు 1945 సెప్టెంబరులో ఈ విచారణను హ్యూ ట్రెవర్ రోపరు అను యువచరిత్రకారునకు అప్పగించిరి. శవమును మోసిన పరిచారకుడు లింగె, అంగరక్షకుడు గ్యూన్‌షె సోవియట్ బందీలగుటచే ఆయనకు దొరకలేదు. పాశ్చాత్యుల చేతికి చిక్కిన కావలివారు, కార్యదర్శినులు, వాహనచోదకుడు మొదలైనవారి వాఙ్మూలములను ఒకదానితో నొకటి సరిచూచి, 1947లో ఆయన 'హిట్లరు తుదిదినములు' అను గ్రంథమును ప్రకటించెను. 1955 ప్రాంతమున సోవియట్ బందీలు విడుదలయై వచ్చి చెప్పిన సాక్ష్యము, గుండు ఎచట తగిలినది మొదలైన వివరములలో భేదించినను, ఆయన నిర్ణయించిన ప్రధానక్రమమును బలపరచినది. 1956లో జర్మను న్యాయస్థానము హిట్లరు మరణమును అధికారికముగా ధ్రువీకరించెను.

ఇచట పరిశోధకులు గమనింపవలసిన అంశమొకటి కలదు. ఈ సాక్షులందరును భూగర్భగృహమున నుండినవారే. అనగా హిట్లరు పరివారమువారే. వారు చూచినది తుది ఘట్టము మాత్రమే. వారి మాటలలో అతడు వణకుచేతుల వృద్ధుడు, ఉద్యోగినులయెడ మర్యాద గలవాడు, కుక్కను ప్రేమించినవాడు. అతని ఆజ్ఞలవలన నశించినవారు ఆ గృహములో లేరు. కావున ఆ సాక్ష్యములోను లేరు. సాక్షి అబద్ధమాడకున్నను సాక్ష్యము అసంపూర్ణము కావచ్చునని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

3. రెండు రూపకములు

ఈ విషయమున మొదటి ముఖ్యమైన జర్మను భాషాచిత్రము 2004 నాటిది కాదు. 1955లో ఆస్ట్రియా దేశమున జి. డబ్ల్యు. పాబ్స్టు 'డేర్ లెట్స్‌టె ఆక్ట్' అను చిత్రమును నిర్మించెను. 'తుది అంకము' అని దాని అర్థము. న్యూరెంబర్గు విచారణలలో న్యాయమూర్తిగా నుండిన అమెరికా దేశీయుడు మైకేల్ ముస్మానో అనేక సాక్షులను ప్రశ్నించి వ్రాసిన గ్రంథము దానికి మూలము. సుప్రసిద్ధ నవలాకారుడు ఎరిక్ మరియా రెమార్కు దాని కథాసంవిధానమున పాలుపంచుకొనెను. అందు హిట్లరు పాత్రను ఆల్బిన్ స్కోడా ధరించెను. అయినను ప్రేక్షకుని హృదయము నిలుచునది వ్యూస్టు అను యువసైనికాధికారిపై. యుద్ధరంగమునుండి వచ్చి, సత్యమును నియంత ముఖముననే పలుక యత్నించి ప్రాణములు కోల్పోవు ఈ పాత్ర కేవలము కల్పితము.

2004 నాటి చిత్రమునకు మూలములు రెండు. యోఆఖిం ఫెస్టు 2002లో వ్రాసిన చరిత్రగ్రంథము ఒకటి. హిట్లరు కార్యదర్శిని ట్రౌడుల్ యుంగె యుద్ధానంతరము వ్రాసియుంచి 2002లో ప్రకటించిన స్మృతులు రెండవది. చిత్రమున ఎక్కువభాగము యుంగె కన్నులతో చూచిన లోకము. ఇందును కల్పితములు కలవు. పేటర్ అను బాలసైనికుడు కల్పితుడు. తుదిని యుంగె అతనితో కలిసి సైకిలుపై వెడలిపోవుట జరిగినది కాదు. ఆమె సోవియట్ వారికి చిక్కెను. క్షతగాత్రులకు చికిత్స చేయు వైద్యుడు షెంకు చారిత్రకవ్యక్తియే. చిత్రమున అతడు కరుణామూర్తి. కాని మౌట్‌హౌసెన్ నిర్బంధశిబిరమున బందీలపై జరిగిన ఆహారప్రయోగములతో అతనికి గల సంబంధము చిత్రమున కానరాదు.

ఈ రెండు చిత్రములను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఒక సామ్యము తోచును. అర్ధశతాబ్దము ఎడమున్నను ఇద్దరు కర్తలకును ఒకే కొరత ఎదురైనది. ఆ భూగర్భగృహమున ప్రేక్షకుడు తాదాత్మ్యము పొందదగిన మనుష్యుడు లేడు. సత్యము పలుకువాడు లేనిచోట పాబ్స్టు ఒక వ్యూస్టును సృష్టించెను. నిర్దోషి లేనిచోట ఐషింగరు ఒక బాలుని సృష్టించి, ఒక వైద్యుని పూర్వవృత్తాంతమును మరుగుపరచెను. చరిత్ర ఈయని సహృదయుని రూపకము కల్పించుకొనినది. ఈ కల్పన కళకు అవసరమే కావచ్చును. కాని అచట అట్టివాడు లేకపోవుటయే అసలైన చారిత్రకసత్యము.

4. మూసిన తలుపు

హిట్లరు మరణమును చిత్రము చూపదు. తలుపు మూయబడును, ప్రేల్పుధ్వని వినబడును. గోబెల్సు బిడ్డల మరణమును సవిస్తరముగా చూపినవారు నియంత మరణమును మాత్రము మరుగుపరచుట అతనికి గౌరవ మొసగుటయేయని ప్రసిద్ధదర్శకుడు విమ్ వెండర్సు 2004లోనే విమర్శించెను. మన లాక్షణికులు నాయకవధను రంగమున ప్రదర్శింపరాదనిరి, అది ఔచిత్యదృష్టి. వెండర్సు దృష్టిలో ఆ ఔచిత్యమునకు ఈ నాయకుడు అర్హుడు కాడు. ఈ ఆక్షేపణమున బలము కలదు. కాని సాక్ష్యదృష్టితో చూచినచో సమాధానమును కలదు. ఆ తలుపునకు ఆవల జరిగినదానిని చూచినవారు ఎవరును లేరు. చరిత్రకారుడు ఆగినచోటనే దర్శకుడును ఆగెను. చిత్రమునందలి లోపము ఆ తలుపు మూయుటలో లేదు. వేరొక తలుపు తెరవకపోవుటలో కలదు. అరువది లక్షల యూదుల వధ చిత్రాంతమున అక్షరములుగా మాత్రమే వచ్చును.

తెలుగు పాఠకునకు ఈ సందర్భమున మడుగున దాగిన దుర్యోధనుడు స్ఫురింపక మానడు. సేనలు నశింపగా ఒంటరియై జలములలో దాగిన రాజును తిక్కన శల్యపర్వమున చిత్రించెను. ఆ పోలిక ఆకర్షకమే గాని కొంతదూరమే సాగును. దుర్యోధనుడు పిలుపు విని మడుగు వెడలి, గద చేబూని పోరి పడినవాడు. భాసుని ఊరుభంగమున అతడు తొడలు విరిగిన పిదప వైరమును విడిచి, పాండవులను తనవలెనే సేవింపుమని కుమారునకు చెప్పును. అందుచేతనే ఆ పతనమున కరుణకు చోటు కలదు. పరివర్తనము లేనిచోట కరుణరసము నిలువదు; నిలిపినచో ఆభాసమగును.

హిట్లరు విషయమున ఆ పరివర్తనము జరిగినదా? దీనికి సాక్షి యుంగెయే. ఏప్రిల్ 29 తెల్లవారుజామున అతడు చెప్పగా మరణశాసనమును వ్రాసికొని టైపు చేసినది ఆమె. ఇప్పుడైనను ఈ వినాశమునకు కారణమేమో చెప్పునని తాను ఎదురుచూచితిననియు, పాతనినాదములే మరల వినవచ్చెననియు ఆమె తెలిపినది. ఆ పత్రము నేటికిని లభ్యము. యుద్ధమునకు బాధ్యతను యూదులపై మోపి, వారిపై ద్వేషమును కొనసాగింపుడని తరువాతివారిని ఆదేశించుచు అది ముగియుచున్నది. ఒక తండ్రి కుమారునకు చెప్పిన మాటయు, ఒక నియంత వారసులకు విడిచిన మాటయు ఇట్లు భిన్నమార్గములు. కావున భూగర్భగృహమున జరిగినది పతనమేగాని, నాటకార్థమున విషాదాంతము కాదు. బ్రూనో గాంజ్ 1942లో ఫిన్లండున రహస్యముగా రికార్డు చేయబడిన హిట్లరు సాధారణసంభాషణమును విని ఆ కంఠమును అభ్యసించెను. కంఠము మానవునిదే. అది మానవకంఠమగుటయే ప్రేక్షకుని కలవరపరుపవలెను గాని ఓదార్పరాదు.

5. సాక్షి తుదిమాట

చిత్రము ముగియుచుండగా నిజమైన యుంగె కనబడును. ఆ భాగము ఆమె మరణమునకు ముందు తీయబడిన ఒక సాక్ష్యచిత్రమునుండి గ్రహింపబడినది. తనకేమియు తెలియదనియు, తాను చిన్నదాననైతిననియు చిరకాలము సమాధానపడినట్లు ఆమె చెప్పును. ఒకనాడు మ్యూనిఖ్ నగరవీథిలో సోఫీ షోల్ స్మారకఫలకమును చూచెనట. హిట్లరును ప్రతిఘటించి 1943లో శిరచ్ఛేదము పొందిన ఆ యువతి తన యీడుదే. తాను హిట్లరు కొలువున చేరిన కాలముననే ఆమె ప్రాణమిచ్చినది. కావున యౌవనము క్షమార్పణ కాదనియు, తెలిసికొనదలచినచో తెలిసికొనగలిగియుందుననియు యుంగె ఒప్పుకొనెను.

ఈ చిత్రమునందలి పరిణతచారిత్రకవాక్యము ఇదియే. అది పలికినది పాత్ర కాదు, సాక్షి. చాల ఏండ్లు గడచినగాని ఆమెకు ఆ మాట దొరకలేదు. సాక్ష్యము ఆమె చూచినదానిని చెప్పెను; చరిత్ర దానిని సరిచూచెను; రూపకము దానిని కోట్లమందికి చేర్చెను. తాను చూడనిదానికి తానెంతవరకు బాధ్యురాలో ఆమె తనకు తానుగానే అడుగుకొనవలసివచ్చినది. చరిత్రాధారమగు రూపకమును పరిశీలించు విద్యార్థియు ఆ ప్రశ్ననే వేసికొనవలెను. ఇందు చూపబడినది నిజమా యని అడుగుటతో సరిపుచ్చక, ఈ గదిలో లేనివారెవరు, వారు ఎందులకు లేరు అని అడుగవలెను.