పేరు మరచిన యంత్రము

కంప్యూటరును కొనితెచ్చి విద్యుత్తు నిచ్చినంత మాత్రమున అది పని చేయదు. డిస్కునకు, తెరకు, కీబోర్డునకు పొత్తు గూర్చి, దేని పనిని దానిచే చేయించు ప్రోగ్రాము ఒకటి దానిలో ముందుగా నుండవలెను. దానినే ఆపరేటింగ్ సిస్టం అందురు. దాని మూలపాఠమును ఎవరైనను చదువుటకు, దిద్దుటకు, దిద్దినదానిని పదుగురకు పంచుటకు హక్కున్నచో అది ఓపెన్ సోర్సు. ఆ హక్కు లేనిచో, యంత్రము మూలబడిననాడు చేసినవాని గుమ్మము కాచుటయే గతి. చేసినవాడు విడిచిపెట్టిన యంత్రము నొకదానిని పదుగురు కలిసి బ్రదికించుకొన్న వృత్తాంత మిది.

1982లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున సన్ మైక్రోసిస్టమ్స్ అను సంస్థ వెలసెను. ఆండీ బెక్టల్‌షైమ్, వినోద్ ఖోస్లా, స్కాట్ మెక్‌నీలీ, బిల్ జాయ్ అను నలుగురు దాని స్థాపకులు. వీరిలో ఖోస్లా మన దేశమున పుట్టినవాడు. సన్ అనగా సూర్యుడని తోచును గాని, అది స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నెట్‌వర్క్ అను మాటల తొలి యక్షరముల కూర్పు. ఇంజనీర్లకు, శాస్త్రజ్ఞులకు వలయు వర్క్‌స్టేషనులు వీరి సరకు. 1989లో వెలువడిన స్పార్క్‌స్టేషన్ 1 వానిలో మిగుల పేరుగన్నది. దాని వేగము 20 మెగాహెర్ట్‌జులు. జ్ఞాపకశాల ఎంత పెంచినను 64 మెగాబైట్లు. నేడు జేబులో నుండు ఫోనుముందు అది పసికూన.

ఆ సంస్థవారు మొదట తమ యంత్రములకు గూర్చిన సన్ఓఎస్ అను వ్యవస్థ పూర్తిగ వారి సొంత సృష్టి కాదు. బర్క్‌లీలోని విశ్వవిద్యాలయమున బిల్ జాయ్ మొదలగువారు పెంచిన బీఎస్‌డీ అను యూనిక్సు శాఖనుండి పుట్టినదది. ఆ బీఎస్‌డీపై 1992లో ఆస్తి తగాదా వచ్చెను. యూనిక్సు మూలహక్కులు తమవని ఏటీ అండ్ టీ వారి అనుబంధ సంస్థ న్యాయస్థానమున కెక్కినది. 1994లో రాజీ కుదిరెను. సుమారు 18,000 ఫైళ్లలో తొలగింపవలసి వచ్చినవి 3. హక్కు ప్రకటన చేర్చవలసి వచ్చినవి సుమారు 70. కొండను త్రవ్వి ఎలుకను పట్టినట్లే గదా! కాని ఆ యెలుక దొరకువరకు ఆ పాఠమును నిర్భయముగ వాడుట కెందరో జంకిరి. 1993లో పుట్టిన నెట్‌బీఎస్‌డీ అను వ్యవస్థ, చిక్కు తీరిన పిమ్మట 1994 అక్టోబరులో తన 1.0 కూర్పును వెలువరించెను. సన్ వారి స్పార్క్ యంత్రములకు అందులో చోటు దొరకినది.

ఆ చోటు విలువ తరువాత తెలియవచ్చెను. 2000లో సన్ వారు సొలారిస్ 8 అను కొత్త వ్యవస్థను విడుదల చేయుచు, స్పార్క్‌స్టేషన్ 1 తరగతి యంత్రములను జాబితానుండి కొట్టివేసిరి. లినక్సు వర్గమునకు చెందిన డెబియన్ వారు 1999లో స్పార్కును చేర్చుకొనిరి గాని, 2009లో 32 బిట్ల యంత్రములను, 2015లో స్పార్కును పూర్తిగను వదలిరి. మూలపాఠము బయటనున్నంత మాత్రమున యంత్రము బ్రదుకదు. దాని నోపికతో సాకువారు కావలెను. 2024లో వెలువడిన నెట్‌బీఎస్‌డీ 10.0లో స్పార్క్ ఇంకను గలదు.

ఇక అసలు చిక్కు. ఈ యంత్రములలో జ్ఞాపకమును, గడియారమును, చిన్న బ్యాటరీని ఒకే ప్లాస్టిక్కు ముద్దలో బిగించిన చిప్పు ఒకటి యుండును. బ్యాటరీ ఆయువు సుమారు పదేండ్లు. చేసినవారు విడిచిన కాలముననే, ఆ యంత్రములు తమ పేరును గూడ మరువసాగినవి. ఏలయన, యంత్రము యొక్క పట్టా ఆ చిప్పులోనే యున్నది. అది 16 గళ్ల చిన్న చిఠా: మొదటి గడి పద్దు నమూనా, రెండవది యంత్రపు తరగతి, తరువాతి ఆరు నెట్‌వర్క్ చిరునామా, నాలుగు తయారైన తేదీ, మూడు వరుస సంఖ్య. 16వ గడి, పైనున్న 15 గళ్లను ఒకానొక లెక్కచొప్పున కలిపిన ఫలితము. పుట అడుగున వేయు మొత్తము వంటిది. అది సరిపడనిచో యంత్రము ఆ పద్దును చెల్లదని త్రోసిపుచ్చును.

తెలియనివా డిచ్చట ఎన్ని పాట్లు పడునో! పాత యంత్రమును సంపాదించును. అందులో సీడీ పెట్టె లేదు. కావున వేరొక కంప్యూటరునుండి నెట్‌వర్క్ తీగద్వారా నెట్‌బీఎస్‌డీని ఎక్కింపబూనును. పాత యంత్రము మొదట "ఇది నా చిరునామా, నాకు కేటాయించిన సంఖ్య యేది?" అని కేకవేయవలెను. సర్వరు తన పట్టికలో ఆ చిరునామాను వెదకి, సంఖ్యను తెలిపి, తరువాత ప్రోగ్రామును పంపవలెను. చిప్పు చచ్చిన యంత్రము చిరునామా స్థానమున ఎఫ్ అను అక్షరమునే పన్నెండుసార్లు పలుకును. నెట్‌వర్క్ భాషలో దాని కర్థము "అందరును" అని. ఉత్తరము క్రింద "ఇట్లు, అందరును" అని సంతకము చేసినచో జవా బెవ్వరికి పంపుదురు? ఉంగరము జారవిడిచి దుష్యంతుని సభలో నిలిచిన కాళిదాసుని శకుంతల దుర్దశయే యిది. సర్వరు పలుకదు. ఆ మనుజుడు తీగను మార్చును, డిస్కును విప్పును, నెట్‌బీఎస్‌డీని తిట్టును. తప్పు వీనిలో దేనియందును లేదు. విద్యుత్తు నిచ్చినవెంటనే గుర్తింపు పద్దు చెల్లదని యంత్రము తెరపై చెప్పియే యున్నది. ఆ యొక్క పంక్తిని చదువక దాటినందు వలన దినములు గడచును.

విరుగుడు రెండు విధములు. యంత్రమున ఓపెన్‌బూట్ అను ప్రారంభ ప్రోగ్రాము గలదు. అది ఫోర్త్ అను చిన్న భాషలో ఆజ్ఞల నందుకొనును. అచ్చట 16 గళ్లను ఒక్కొక్కటిగ చేతితో నింపవచ్చును. చిరునామాలోని తొలి మూడు గళ్లు 08, 00, 20. అవి సన్ వారికి కేటాయింపబడిన గుర్తులు. తక్కినవి ఇంటి నెట్‌వర్క్‌లో వేరొక యంత్రమునకు లేనివై యుండిన చాలును. చివర మొత్తము సరిచూడవలెను. అయితే విద్యుత్తు ఆపినంతనే ఇదంతయు నీటిపై వ్రాత. స్థిరముగ నుండవలెనన్న కొత్త చిప్పు కొనవలెను. లేదా ఆకురాయితో ప్లాస్టిక్కును మెల్లగా అరుగదీసి, లోపలి బ్యాటరీని తెంపి, 3 వోల్టుల నాణెపు బ్యాటరీని వెలుపల అతుకవలెను. చేయి వణకినచో చిప్పు పోవును. వెలసిన చిప్పు ఎట్లును పోయినదే గనుక సాహసించినవారు కలరు.

సీడీతో ఎక్కించువారికి మరియొక చిక్కు. సాధారణ సీడీ పెట్టె 2048 బైట్ల చొప్పున చదివి యిచ్చును. పాత సన్ యంత్రము 512 బైట్ల చొప్పుననే పుచ్చుకొనును. కొలపాత్ర వేరైనందున సీడీ మంచిదైనను యంత్రము మొదలుకాదు. 512 బైట్ల కొల తెలిసిన పెట్టెను వెదకి తేవలెను.

పద్దు సరిపడిన పిమ్మట యంత్రము తన చిరునామాతో కేకవేయును, సర్వరు పలుకును, వ్యవస్థ దిగుమతియగును. ఈ వేగమున గంటలు పట్టునని ఎదురుచూడవలెను. గడియారము గూడ ఆ చిప్పులోనిదే గావున తేదీ తప్పియుండును. దానిని దిద్దుటయే క్రొత్తగ మేల్కొన్న యంత్రమునకు చేయవలసిన మొదటి పని.